ఈ రాత్రి కృష్ణుడెవరు?

రాయబారం నాటకానికి కథ తెలిసికొనడానికి వెళ్ళినవాడు గోదావరి సీమలో ఏనాడూ లేడు. సంధి పొసగదని అందరికీ తెలుసు. శ్రీకృష్ణుడు హస్తినాపురానికి వెళ్ళి వట్టి చేతులతో తిరిగి వస్తాడనీ, ఆ వెనుక పదునెనిమిది దినాలు యుద్ధం జరుగుతుందనీ పసివాడు కూడా చెప్పగలడు. అయినా పంట ఇళ్ళకు చేరిన తరువాత ఊరి బయట పందిరి లేచినదంటే, బండ్లమీదా, కాలువల వెంట పడవలమీదా జనం తరలివచ్చి తెల్లవారేదాకా కూర్చుండేవారు. దారి పొడుగునా వారు ఒకరినొకరు అడిగే ప్రశ్న ఒక్కటే: "ఈ రాత్రి కృష్ణుడెవరు?"

ఈ చిన్న ప్రశ్నలో ఒక రసికత యావత్తూ ఇమిడి ఉన్నది. తెలిసిన కథను, కంఠస్థమైన పద్యాన్ని, ఇంకొక గొంతులో మరల వినాలనే కోరిక అది. ఐరోపాలో ఆపెరా అనే సంగీతరూపకానికి వెళ్ళేవారి తీరు కూడా ఇదే. వెర్డీ రచించిన ‘లా ట్రావియాటా’ 1853లో వెనిస్ నగరంలో మొదట ప్రదర్శింపబడినది. అందులోని నాయిక వయొలెట్టా చివరికి క్షయవ్యాధితో కన్నుమూస్తుందని అక్కడి శ్రోతలలో ఎరుగనివారుండరు. ఐనప్పటికీ మేరియా కాలస్ పాడిన వయొలెట్టా మేలా, రెనాటా తెబాల్ది పాడిన వయొలెట్టా మేలా అని 1950ల నాటినుండి నేటివరకు వాదులాడుకొంటూనే ఉన్నారు. అంతటితో ఆగక, ఒక్క కాలస్ పాడినవానిలోనే 1955లో మిలాన్‌లో పాడినదానికీ, 1958లో లిస్బన్‌లో పాడినదానికీ తారతమ్యం ఎంచుతారు.

ఈ వాదం మన అరుగులకు కొత్తది కాదు. ఒక కృష్ణుని రాగం, ఇంకొక కృష్ణుని మాట, వేరొకరి ఠీవి - వీటినిగురించి తెల్లవార్లూ మాట్లాడుకొన్న ఊళ్ళు ఎన్నో ఉన్నవి. ఐతే పోల్చడానికి ఒక కొలబద్ద కావాలి గదా. ఆ కొలబద్ద ఏదై ఉండాలి? గ్రామఫోను ప్లేటు దానిని ఏ విధంగా మార్చినది? ఈ రెండు విషయాలనుగూర్చి మేము ఇప్పుడు నాలుగు మాటలు మనవి చేస్తాము.

ముందుగా నాటకం సంగతి. మనం వాడుకగా రాయబారమని పిలిచేది తిరుపతి వేంకటకవుల పాండవ నాటకాలలోని భాగం. ఆ నాటకాలలో ‘పాండవోద్యోగము’, ‘పాండవ విజయము’ అనే రెంటినీ కలిపి ఒకే రాత్రి ఆడడం రంగస్థలంమీద ఆచారమై, ‘ఉద్యోగ విజయాలు’ అన్న పేరు స్థిరపడినది. జంటకవులిద్దరూ ఈ సీమవారే. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు 1870లో కడియంలో జన్మించినారు. దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు 1872లో యండగండిలో జన్మించినారు. ఇద్దరూ చర్ల బ్రహ్మయ్యశాస్త్రిగారి శిష్యులు. తిరుపతిశాస్త్రిగారు 1920లోను, వేంకటశాస్త్రిగారు 1950లోను కీర్తిశేషులైనారు.

వీరు శతావధానులు. ఈ మాట కేవలం బిరుదుగా కాక, నాటకాన్ని అర్థం చేసికొనడానికి తాళపుచెవిగా గ్రహించాలి. అవధాని సభలో నిలుచుండి, ఎదుటనున్న మనిషి ముఖం చూస్తూ, నోటితోనే పద్యం కూర్చుతాడు. కాగితంమీద చూసికొని అర్థం చేసికొనే పద్యం అక్కడ నిలువదు. చెవిన పడిన క్షణంలోనే అర్థం తెలియాలి. ఆ అలవాటు చేతనే కాబోలు, ఈ నాటకంలోని పద్యాలు ఇంటిలో మాట్లాడుకొనే మాటలాగా సాగుతవి. పామరునికి నిఘంటువు అక్కరలేదు. పద్యం వినపడితే చాలు, సంభాషణ బోధపడుతుంది.

ఇటువంటి పద్యాలలో మూడింటిని మచ్చునకు తీసికొందాము. శ్రోతలందరూ ఎరిగినవే గనుక వాటిని ఇక్కడ చదవబోము. గుర్తు చెప్పితే చాలును.

మొదటిది పడకసీనులోనిది. కపటనిద్ర లేచిన శ్రీకృష్ణుడు దుర్యోధనుని వరస కలిపి పిలిచి, ఎప్పుడు వచ్చినావని కుశలప్రశ్నలు వేసే పద్యం. ఇది శార్దూలవృత్తం, పాదానికి 19 అక్షరాలు, మొత్తం 76 అక్షరాలు. ఇందులో ఉన్నవన్నీ ప్రశ్నలే. తమ్ముళ్ళు, కొడుకులు, చుట్టాలు సుఖమా అని మొదలై, కర్ణుడు, భీష్ముడు, ద్రోణుడు క్షేమమా అనేదాకా వస్తుంది. పైకి చూస్తే ఇది మర్యాద. లోతుకు చూస్తే, రాబోయే యుద్ధంలో ఎదుటిపక్షాన ఎవరెవరు నిలబడతారో ఆ పేర్లన్నీ వరుసగా లెక్కపెట్టడం. గోదావరి ఇళ్ళలో బావ అన్న పిలుపులో ఎంత మేలమున్నదో అంత ఎత్తిపొడుపూ ఉన్నది. పాడేవాడు ఈ రెంటినీ ఒకే గొంతులో పలికించాలి.

రెండవది కౌరవసభలో దుర్యోధనుని హెచ్చరించే కపిధ్వజపు పద్యం. ఇదీ శార్దూలమే. పద్యమంతా కలిసి ఒక్కటే వాక్యం. పైన జెండామీద హనుమంతుడు, ముందు తెల్లగుర్రాలు, పగ్గాలవద్ద తాను, రథంమీద గాండీవధారియైన అర్జునుడు - ఇట్లా పైనుండి క్రిందికి ఒక చిత్రం గీసినట్లు సాగి, అప్పుడు నీవు సంధికి వచ్చినా నీ గోడు వినేవాడుండడని నాల్గవ పాదంలో ముగుస్తుంది. చిత్రమంతా ఆ చివరి మాటకోసమే గీయబడినది.

మూడవది ధర్మరాజు కోపమునుగూర్చిన పద్యం. ఇది చంపకమాల, పాదానికి 21 అక్షరాలు. కోపమంటే ఎరుగని ఆ మహాత్ముడు ఒకసారి అలిగినాడా, సముద్రాలు ఏకమవుతవి, పదివేలమంది కర్ణులున్నా నిలువలేరని భయంకరంగా మొదలవుతుంది. కాని చివరి పాదానికి వచ్చేసరికి స్వరం మారుతుంది. నా మాట నమ్ము, లోకాన్ని కాపాడు అని రాజును అర్థించడంతో పద్యం ముగుస్తుంది. బెదిరింపుతో మొదలై వేడికోలుతో నిలిచే పద్యమిది.

ఇక వీటిని పాడినవారి సంగతి. 1930, 40 ప్రాంతాలలో కంట్రాక్టు నాటకాలు బలపడినవి. ఒక సమాజంవారే నెలల తరబడి అభ్యాసం చేసి ఆడే పద్ధతి సన్నగిల్లి, పేరుపడిన నటులను వేరువేరు ఊళ్ళనుండి రప్పించి ఒకే రాత్రి ఒకే పందిరిలో కలిపే పద్ధతి వచ్చినది. ఒక్క పాత్రకు ఇద్దరు ముగ్గురు నటులుండేవారు. పడకసీను కృష్ణుడు ఒకరు, రాయబారం కృష్ణుడు ఇంకొకరు. లోకంలో మరెక్కడైనా ఇద్దరు గాయకులను పోల్చాలంటే రెండు రాత్రులు కావాలి, లేదా రెండు ప్లేట్లు కావాలి. మన పల్లెటూరి ప్రేక్షకునికి తెర రెండుసార్లు లేస్తే చాలునన్నమాట.

ఇందులో లాభమూ ఉన్నది, నష్టమూ ఉన్నది. లాభమేమంటే శ్రోత చెవి పదునెక్కినది. నష్టమేమంటే నాటకం పందెంగా మారినది. మొదటి కృష్ణుడు ఒక పద్యానికి రెండు ‘వన్సుమోరు’లు తెచ్చుకొంటే, రెండవ కృష్ణుడు మూడు తెచ్చుకొనాలి. హార్మోనిస్టు అందుకు తోడు. నాలుగు పాదాల పద్యం నలభై సంగతుల కచ్చేరీగా పెరిగినది. సభలో కూర్చున్న భీష్మద్రోణులు ఆవులించక తప్పినది కాదు. ఈ జబ్బు మనది మాత్రమే అనుకొనరాదు. 1903లో మిలాన్ నగరపు లా స్కాలా నాటకశాలలో శ్రోతలు పాటను మళ్ళీ పాడించవలెనని పట్టుబట్టగా, సంగీత నిర్వాహకుడైన టోస్కానినీ ఒప్పుకొనక ప్రదర్శన మధ్యలోనే వెళ్ళిపోయినాడు. మనదేశంలో బళ్ళారి రాఘవగారు (1880–1946) నాటకంలో సంగీతం మితిమీరరాదని జీవితమంతా వాదించినారు. వారి మాటను పెద్దలు మెచ్చుకొన్నారు. పందిరి మాత్రం వన్సుమోరు అంటూనే ఉన్నది.

ఈ దశలో గ్రామఫోను వచ్చి, ఎవరూ చేయలేని పని ఒకటి చేసినది. పద్యానికి హద్దు గీసినది. పది అంగుళాల ప్లేటు నిమిషానికి 78 చుట్లు తిరుగుతూ, ఒక్క ప్రక్కకు సుమారు మూడు నిమిషాలు, మహా అయితే ఇంకొక ఇరవై సెకండ్లు మాత్రమే పాడగలదు. ఆ తరువాత ముల్లు మధ్యకు చేరి గరగరమంటుంది. గాయకుడెంత గొప్పవాడైనా ఆ గీత దాటడానికి వీలులేదు. 1902లో మిలాన్‌లోని ఒక హోటలు గదిలో కరూసో పది పాటలు పాడి ప్లేట్లకెక్కించినప్పుడు ఆయనకూ ఇదే శాసనం వర్తించినది.

ఆ ప్లేట్లు దేనితో చేసినవి? లక్కతో. ఆ లక్కలో అధికభాగం మనదేశపు అడవులనుండి పోయినదే. లక్కయింటినుండి తప్పించుకొన్న పాండవుల కథ చివరికి లక్కలోనే చిక్కి నిలిచినదని చమత్కారంగా చెప్పుకొనవచ్చును.

శార్దూలపద్యాన్ని స్ఫుటంగా చదివితే అర నిమిషం చాలును. మూడు నిమిషాల ప్లేటులో ఆలాపనకూ సంగతులకూ మిగిలేది రెండున్నర నిమిషాలు. రెండు పద్యాలు పెట్టితే ఇంకా తక్కువ. అందుచేత రంగస్థలంమీద అలలు అలలుగా సాగిన రాగం ప్లేటుమీద చెరకుగడను గానుగలో పెట్టి తీసిన రసంలాగా చిక్కబడినది. మరల మరల వింటే విసుగు పుట్టని గుణం వచ్చినది. ఇది గ్రామఫోను చేసిన మేలు.

కీడు కూడా చేసినది. ప్లేటులో కృష్ణుడున్నాడు గాని, వినే దుర్యోధనుడు లేడు. రంగస్థలంమీద కృష్ణుడు కపిధ్వజపు పద్యం పాడుతున్నంతసేపూ ఎదుట దుర్యోధనుడు మీసం దువ్వుతూ కూర్చుంటాడు. ఆ నిర్లక్ష్యమే పద్యానికి వేడి పుట్టిస్తుంది. మాధవపెద్ది వెంకట్రామయ్యగారివంటి దుర్యోధనుడు ఎదుటనుంటే కృష్ణుని పలుకే మారిపోతుందని పాతతరంవారు చెప్పుకొనేవారు. నాటకాన్ని కుదించి కొన్ని ప్లేట్ల సెట్టుగా విడుదల చేసినప్పుడు ఈ లోపం కొంత తీరినది. కాని విడిగా వచ్చిన పద్యాలే ఇంటింటా మ్రోగినవి. ఆ విధంగా సంభాషణలోని ఒక మాట, సంభాషణ లేని పాటగా మన చెవులలో స్థిరపడినది.

ఇప్పుడు గొంతులను పోల్చిచూద్దాము. ఎక్కువతక్కువలు నిర్ణయించడం మా ఉద్దేశం కాదు. ఒక్కొక్కరివద్ద ఏది వినాలో చెప్పడమే మా కోరిక.

కల్యాణం రఘురామయ్యగారు (1901–1975) గుంటూరు మండలంవారు. ఈలపాట రఘురామయ్యగా ప్రసిద్ధులు. నోట వ్రేలుంచి ఈలతోనే రాగాలు పలికించిన విద్య వారిది. తొలినాళ్ళలో స్త్రీపాత్రలు ధరించినవారు గనుక ఆ గొంతులో ఒక లాలిత్యం చివరిదాకా నిలిచినది. 1960లో వచ్చిన ‘శ్రీకృష్ణ రాయబారం’ చలనచిత్రంలో కూడా కృష్ణుడు వారే. మైకులు లేని కాలంలో వేలమందికి వినిపించాలంటే శ్రుతి ఎత్తుగా ఉండితీరాలి. ఆ ఎత్తులో కూడా గొంతు పగలక తీయగా నిలవడం వీరి సంపద. పడకసీను పద్యానికి ఈ గొంతు తగినట్లు మరొకటి తగదని మా అభిప్రాయం. నిద్రలేచిన కృష్ణుని చిరునవ్వు ఆ ఆలాపనలోనే కనబడుతుంది. ఐతే ప్రశ్న ఒక్కొక్కటీ విడిగా గుచ్చుకొనవలసినచోట, రాగం వాటినన్నిటినీ ఒకే పూలదండగా గ్రుచ్చుతుంది. పరిమళం మిగులుతుంది, ముల్లు మాయమవుతుంది.

బందా కనకలింగేశ్వరరావుగారు (1907–1968) ఏలూరులో న్యాయవాది. 1938లో ప్రభాత్ థియేటరును స్థాపించినవారు. కూచిపూడి నాట్యం పునరుద్ధరణకు పాటుపడినవారు. వీరి కృష్ణుడు పాటకుడు కాడు, రాజనీతిజ్ఞుడు. రాగాన్ని మాటకు లొంగదీసి, అర్థం ఎక్కడ విరుగుతుందో అక్కడ ఆగి, ఎక్కడ ప్రవహిస్తుందో అక్కడ కొనసాగడం వీరి మార్గం. న్యాయస్థానంలో వాదించే అలవాటు రాయబారానికి ఎంత పనికివచ్చినదో ఊహించవచ్చును. కేవలం సంగీతంకోసం వచ్చినవారికి ఇది చప్పగా తోచినమాట నిజమే. కాని కథ తెలిసినవానిని కూడా ఈసారి సంధి కుదురుతుందేమో అనిపించగల మార్గమిది.

పీసపాటి నరసింహమూర్తిగారు (1920–2007) ఉత్తరాంధ్రంవారు. పై ఇద్దరి దారులకూ నడుమ దారి తొక్కినవారని మేము అంటాము. రాగం ఉన్నది, కాని పద్యం పూర్తయ్యేదాకా అది తన హద్దులో ఉంటుంది. పలుకు స్ఫుటం, ఒక్క అక్షరం చెవి జారిపోదు. కపిధ్వజపు పద్యానికి ఈ గుణం ఎట్లా సహాయం చేస్తుందో ఆ పద్యం నిర్మాణాన్ని చూస్తే తెలుస్తుంది.

ఆ పద్యంలో మొదటి పాదం చివరి అక్షరం ‘నేను’ అన్న అర్థమిచ్చే మాట. దాని క్రియ రెండవ పాదంలో ఉన్నది. పాడేవాడు ఆ ఒక్క అక్షరంమీద నిలిచినాడంటే, రథం తోలేది ఎవరో తెలిసినదా అని కృష్ణుడు సభనంతా ఒకసారి చూచినట్లుంటుంది. అక్కడ దీర్ఘం తీయడం అందం. ఇక మూడవ పాదం చివర చూడండి. అక్కడ మాట సగంలో తెగి, మిగిలిన సగం నాల్గవ పాదంలో పడుతుంది. అక్కడకూడా అదేవిధంగా రాగం తీసినవాడు తెలుగుమాటను నిలువునా చీల్చినవాడవుతాడు. ఆ రెండు పాదాలనూ ఒకే ఊపిరిలో దాటినవాడు మాత్రమే చివరి హెచ్చరికను చేరవేయగలడు. ఒకే పద్యం, రెండు పాదాల చివరలు. ఒకచోట ఆగడం గుణం, మరొకచోట ఆగడం దోషం. ఏ కృష్ణుడు ఎక్కడ ఆగినాడో వినిచూస్తే, ఆయన పద్యాన్ని వల్లించినాడా, గ్రహించినాడా అన్నది బయటపడుతుంది. దీనికి సంగీతశాస్త్రం రానక్కరలేదు, తెలుగు వస్తే చాలును.

ఘంటసాల వెంకటేశ్వరరావుగారిని (1922–1974) చెప్పకపోతే ఈ ప్రస్తావన కుంటుపడుతుంది. 1967లో వచ్చిన ‘శ్రీకృష్ణావతారం’ చిత్రంలో నందమూరి తారకరామారావుగారి కృష్ణునికి వారు ఈ నాటకపు పద్యాలు పాడినారు. పందిరి ఎరుగని తరాలకు ఇవి తెలిసినవంటే అది ఆ చిత్రంవలననే. చలనచిత్రంలో శ్రుతి ఎత్తవలసిన పని లేదు, గొంతు చించుకొనవలసిన పని లేదు. యంత్రమే దగ్గరకు వచ్చి వింటుంది. ఆలాపన క్లుప్తం, అక్షరం నిర్మలం, వాద్యాలు వెనుక గోడవలె నిలిచి ఉంటవి. కోపపు పద్యాన్ని ఇటువంటి పద్ధతిలో వింటే చివరి పాదంలోని వేడికోలు మెత్తగా పలకడానికి చోటు దొరుకుతుంది. తారస్థాయిలోనే మొదలుపెట్టి తారస్థాయిలోనే ముగించే రంగస్థలపు అలవాటులో ఆ మెత్తదనానికి చోటు తక్కువ. ఐతే చలనచిత్రపు పద్యం ప్రతిసారీ ఒక్కతీరే. నేటి రాత్రి ఏమి చేస్తాడో అన్న ఉత్కంఠ అందులో లేదు.

రేడియో ఈ రెంటికీ నడుమ నిలిచినది. 1938లో మద్రాసు కేంద్రమూ, 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రమూ ప్రారంభమైనవి. రేడియోలో పద్యనాటకం వచ్చేటప్పుడు నటుడు మైకు ముందర ఉంటాడు గనుక అరవనక్కరలేదు. వన్సుమోరు అనేవారు లేరు గనుక పెంచనక్కరలేదు. కాలం నిర్ణయమై ఉంటుంది గనుక సాగదీయడానికి వీలులేదు. కిరీటం కనబడదు, నీలిరంగు కనబడదు, అట్ట చక్రం కనబడదు. మిగిలేది మాట ఒక్కటే. ప్లేటులో లేని దుర్యోధనుడు రేడియోలో ఉన్నాడు. అతడు తిరిగి సమాధానం చెప్పుతాడు. ఇంటి చావడిలో కూర్చున్న శ్రోతకు రాయబారం ఒక వాదంగా, ఇద్దరు మనుషుల మధ్య జరిగిన చర్చగా వినబడినది రేడియోవలననే అని మేము నమ్ముతున్నాము.

ఇన్ని గొంతులు విన్న తరువాత మా కొలబద్ద ఇది. రాయబారం చివరిదాకా ఒక వేడికోలు. యుద్ధం వద్దని చెప్పడానికి వెళ్ళినవాని మాట. కృష్ణుడు బెదిరించినా, నవ్వినా, ఎత్తిపొడిచినా, అన్నీ ఆ ఒక్క పనికోసమే. గనుక పద్యం ఎంత ఎత్తుకు లేచినదని కాక, ఎట్లా దిగినదని చూడాలి. చివరి పాదంలో ఆ విన్నపం ఎదుటివానికి చేరినదా? చేరినదనిపిస్తే, ఆయన రాగం తక్కువవాడైనా కృష్ణుడే. చేరలేదనిపిస్తే, ఎన్ని వన్సుమోరులు వచ్చినా గాయకుడే.

దీనికి అభ్యంతరం చెప్పే పెద్దలున్నారు. రాగం లేకపోతే పద్యమెందుకు, వచనమే చాలుగదా అంటారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. తెలుగు పద్యానికి రాగం పరాయిది కాదు. తెల్లవారుజామున మూడుగంటలవేళ, కునికిపాట్లు పడుతున్న జనాన్ని ఒక్క మోహనరాగంతో నిటారుగా కూర్చుండబెట్టిన శక్తిని తక్కువచేసి మాట్లాడడం కృతఘ్నత. వినేవాని హృదయం రాగంచేతనే ముందు తెరుచుకొంటుంది. మేము కోరేదల్లా, తెరుచుకొన్న వాకిలిగుండా అర్థాన్ని కూడా లోపలికి రానీయవలెనని మాత్రమే.

ఈ విచారణ ఇప్పుడెందుకని ఎవరైనా అడుగవచ్చును. అవసరమున్నది. నేటి ఉత్సవాలలో నాటకం పూర్తిగా ఆడడం అరుదై, పడకసీను ఒక్కటో, రాయబారం సీను ఒక్కటో, లేదా వేషం వేసికొన్న ఒక్క నటుని ఏకపాత్రో చాలుననుకొనే ఊళ్ళు పెరిగినవి. పాతప్లేట్లలో కొన్ని నేడు చేతిలోని ఫోనులోనే వినబడుతున్నవి, అది మహోపకారం. కాని నేర్చుకొనే కుర్రవాడు ఆ మూడు నిమిషాల పద్యాన్ని ఆ గొంతులోని దగ్గుతోసహా అనుకరిస్తున్నాడు. ప్లేటు ముగిసిపోతున్నదని గాయకుడు తొందరపడిన చోట తానూ తొందరపడుతున్నాడు. యంత్రపు ఇబ్బందినిబట్టి జరిగినది సంప్రదాయంగా మారిపోతున్నది. ఒక్క గొంతునే విన్నవానికి ఈ తేడా తెలియడానికి మార్గం లేదు. నాలుగు గొంతులు విన్నవానికే, ఏది పద్యానిది, ఏది మనిషిది, ఏది యంత్రానిది అన్నది విడిపోతుంది. పోల్చడం కాలక్షేపం కాదనడానికి ఇదే కారణం.

గృహస్థులైన శ్రోతలకు ఒక చిన్న మనవి. ఇంటి అటకమీద పాతప్లేట్లుంటే ఒకదానిమీద ఒకటి పడుకోబెట్టక, నిలువుగా, ఎండ తగలనిచోట ఉంచండి. లక్క ప్లేటు వేడికి వంగుతుంది, క్రిందపడితే ముక్కలవుతుంది. తీరికైన ఒక సాయంకాలం పిల్లలను దగ్గర కూర్చుండబెట్టుకొని, ఒకే పద్యాన్ని ముగ్గురి గొంతులలో వరుసగా వినిపించండి. ఎవరు బాగా పాడినారని అడుగకండి. దుర్యోధనుని స్థానంలో నీవుంటే ఎవరి మాట విని సంధికి ఒప్పుకొనేవాడవని అడగండి.

ఆ ప్రశ్నకు ఆలోచించి సమాధానం చెప్పే పిల్లవాడు ఎక్కడ ఉంటే, పద్యనాటకానికి రేపటి ప్రేక్షకుడు అక్కడ ఉన్నాడు. పందిరి మళ్ళీ లేచిననాడు, ఈ రాత్రి కృష్ణుడెవరని అడిగే హక్కు కూడా అతనిదే.